ఆ ఏడాది నేను చూడమన్న సినిమాలు

సినిమా ఎలా ఉందని అడిగితే సగంమంది కథంతా చెప్పేస్తారు. మిగతా సగంమంది "టైంపాసండి" అంటారు. ఈ రెండు రకాలతోనూ నాకు పడదు. మొదటి రకంవాళ్ళు నా టికెట్టు కూడా వాళ్ళే వాడేసుకున్నట్టు ఉంటుంది. రెండో రకానికి టైము పాస్ కావడమంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ఒక గిన్నె, ఒక కంచం, ఒక గ్లాసు కడుక్కుంటే, ఎంత నెమ్మదిగా కడిగినా అయిదు నిమిషాలు దాటదు. అక్కణ్ణుంచి దీపాలు పెట్టే వేళదాకా ఉన్న టైముని పాస్ చెయ్యాలంటే మనిషి చాలా పని చెయ్యాలి.

నాకు రాజమండ్రి నుంచి కాకినాడ బదిలీ అయిన ఏడాది అది. ఇంటింటికీ కేబుల్ వచ్చేసి, హాళ్ళవాళ్ళు దిగాలు పడడం మొదలైన రోజులు. నాకప్పుడు నలభైమూడు. ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మేడ మీద రెండు గదుల వాటాలో నేను, కింద ఇంటివాళ్ళు. పెళ్ళయిందా అని అడిగినవాళ్ళకు అయిందని చెప్పేదాన్ని. ఆయనేం చేస్తుంటారని అడిగితే, ఇంకో పెళ్ళి చేసుకున్నారని చెప్పేదాన్ని. ఆ తరవాత సాధారణంగా ఎవరూ ఏమీ అడగరు. ఎదుటివాళ్ళు మూడో ప్రశ్న వెయ్యకుండా చేసుకోవడం నాకు బాగా వచ్చిన విద్య.

కాకినాడలో సినిమా హాళ్ళన్నీ ఒకే రోడ్డు మీద ఉంటాయి కాబట్టి ఆ రోడ్డుకి సినిమా రోడ్డని పేరు. వెళ్ళిన రెండో ఆదివారమే మ్యాట్నీకి వెళ్ళాను. ఆ తరవాత ఆ ఏడాదంతా ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆడవాళ్ళ క్యూలో ఒక్క టికెట్టు అడిగితే కౌంటర్లో ఆయన నా వెనక్కి చూసి, "ఎవరెవరండి?" అనేవాడు. "నేనూ, నేనూ" అన్నానొకసారి. అప్పణ్ణుంచీ నన్ను చూడగానే మాట్లాడకుండా ఒకటి చింపి ఇచ్చేవాడు.

మొదట్లో సోమవారంనాడు ఆఫీసులో అడిగేవారు, ఏ సినిమాకి వెళ్ళారండి, ఎలా ఉందండి అని. నేను చెప్పేదాన్ని. ఫలానా హీరోగారికి ఆ హీరోయిన్ మనవరాలి వయసని, క్లైమాక్సులో పోలీసులు అంత ఆలస్యంగా రావడానికి వాళ్ళ జీపు మన ఆఫీసు జీపు కాదు కదా అని. మా సూపరింటెండెంటుగారికి ఆ హీరో అంటే ప్రాణమట. నాకేం తెలుసు? రెండు నెలలయ్యేసరికి ఆఫీసులో నన్ను సినిమాల గురించి అడిగేవాళ్ళు లేరు.

అడిగే మనిషి ఒక్కర్తే మిగిలింది. మా వీధిలో చేపలమ్మే ఆవిడ.

జగన్నాథపురం వంతెన అవతల్నించి తట్ట నెత్తిన పెట్టుకుని బుధవారమూ ఆదివారమూ పొద్దున్నే వచ్చేది. నా ఈడుదే. మనిషి నల్లగా, పొడుగ్గా, నవ్వితే వీధి చివరికి వినపడేట్టు ఉండేది. మేడ మెట్ల కింద పంపు దగ్గర కూచుని, బూడిద రాసి చేప శుభ్రం చేస్తూ, తల ఎత్తకుండా అడిగేది.

"మొన్న ఏది సూశారమ్మగారు? మమ్మల్ని ఎళ్ళమంటారా, ఒద్దంటారా?"

ఆవిడకి సినిమా అంటే పిచ్చి. అదీ నాలా ఖాళీ పూడ్చుకోవడానికి కాదు, నిజం పిచ్చి. కాని పని మానుకుని వెళ్ళాలి కాబట్టి చెడ్డ సినిమా చూస్తే ఒళ్ళు మండేదిట. అందుకని నా మాట మీద వెళ్ళేది, వెళ్ళొచ్చి నా మాట తప్పని వాదించేది.

నేను మార్కులు వెయ్యడంలో పిసినారిని. నాకు మూడే మార్కులు. చెత్త, చూడొచ్చు, పర్లేదు. పర్లేదు అన్నదే అన్నిటికన్నా పైది. బాగుంది అనే మాట నా నోట రాదు. మాది నిడదవోలు దగ్గర వ్యవసాయం ఇల్లు. ధాన్యం బస్తాలు సావిట్లో పట్టక అరుగు మీద వేసిన ఏడు కూడా, పంటెలా ఉందండీ అని ఎవరైనా అడిగితే మా నాన్నగారు "పర్లేదండి" అనేవారు. బాగుందంటే ఎవరి కన్నో పడుతుందని భయం. నాకు డిగ్రీ ఫస్టు క్లాసులో వచ్చినప్పుడు కూడా ఆయన అన్నది అదే మాట. నేను పొంగిపోయాను.

ఈ లెక్క మా చేపలావిడకి నెలలోనే అర్థమైంది. "పర్లేదన్నారా? అయితే ఈ రోజే ఎళ్ళిపోతానండి" అనేది.

ఆ ఏడాది నేను పర్లేదన్నవి నాలుగు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అవే చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను. పేరు చెబితే అందులో ఎవరు చేశారు, ఎన్ని రోజులు ఆడింది అనే చర్చలోకి పోతారు.

ఒకటి పాతది, నలుపూ తెలుపూ. మార్నింగ్ షోలకి మళ్ళీ వేశారు. ఊళ్ళో వీధిదీపాలు వెలిగించే మనిషి. ఊరికి కరెంటు వస్తుంది, అతనికి పని పోతుంది. ఊరంతా పండగ చేసుకుంటుంటే అతను నిచ్చెన భుజాన వేసుకుని ఇంటికి పోతాడు. ఆ నడక కోసం చూడాలి. నేను ఆ హాలు బయటికి వచ్చి ఎండలో చాలాసేపు నిలబడ్డాను. మా చేపలావిడ మాత్రం, "కరెంటొస్తే మంచిదే కదండి, ఆడికి ఏడుపెందుకు? స్తంభాలెక్కే పని ఇమ్మని అడగొచ్చు కదా" అంది. తమ చేపలు తోమడం ఆలస్యమవుతోందని కింద ఇంటివాళ్ళావిడ కేకేసేదాకా ఇద్దరం వాదించుకున్నాం.

రెండోది రేవు దగ్గర ఇడ్లీ కొట్టు నడిపే ఆవిడ కథ. దీన్ని ఇంటర్వెల్ దాకా చూసి లేచి రావాలి. తరవాత హీరో దిగుతాడు, ఇంక ఆవిడ ఇడ్లీలు వెయ్యదు, పాటలు పాడుతుంది. ఇడ్లీపాత్ర మూత తీస్తే వచ్చిన ఆవిరి నిజం ఆవిరి. తెల్లవారుజామున ఒక్కర్తీ పప్పు రుబ్బుతూ తనలో తను మాట్లాడుకుంటుంది. ఆ సీను తీసినవాడికి వాళ్ళింట్లో ఎవరో అలాంటి మనిషి ఉండి ఉంటుంది.

మూడోది అరవం నుంచి డబ్బింగు. దీన్ని ఇంటర్వెల్ నించే చూడాలి. పెదాలు ఒక మాటంటే మనకి ఇంకో మాట వినిపిస్తుంది. కాని ఆస్పత్రి వరండాలో ఒక తండ్రి క్యారియర్ పట్టుకుని కూచుని ఉంటాడు, లోపల కూతురు. అతనికి పది నిమిషాలు మాటల్లేవు. అందుకే బతికిపోయాడు. నాలుగోది తరవాత చెబుతాను, దానితోనే గొడవంతా.

ఇలా తొమ్మిది నెలలు గడిచింది. నేను ఆదివారం చూడడం, ఆవిడ వారం మధ్యలో ఎప్పుడో చూడడం, బుధవారమో ఆదివారమో మెట్ల కింద తగువు. ఒక ఆదివారం పొద్దున్న కానాగంత చేపలు శుభ్రం చేస్తూ ఆవిడ మామూలుకన్నా నెమ్మదిగా అంది.

"అమ్మగారు, ఈయేళ మీయెంట నేనూ రానాండి సినిమాకి?"

సినిమా హాల్లో నా పక్క సీటులో తెలిసిన మనిషి కూచుని ఎన్నేళ్ళయిందో. ఆ సంబరం మొహం మీదికి రాకుండా, గిన్నె అందుకుంటూ, "పర్లేదు" అన్నాను.

"సరేనండి" అంది. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం రెండు టికెట్లు అడిగితే కౌంటర్లో ఆయన చెయ్యి ఆగింది. నా వెనక్కి చూశాడు. "వస్తారు" అన్నాను. బెల్లు కొట్టేదాకా బయట నిలబడ్డాను. లోపలికి వెళ్ళి పక్క కుర్చీలో హ్యాండుబ్యాగు పెట్టాను. చీరల కొట్ల స్లైడులు వేస్తుండగా ఒకావిడ పిల్లని చంకనెత్తుకుని వచ్చి, "ఇక్కడెవరన్నా ఉన్నారాండి?" అంది. "ఉన్నారు" అన్నాను. ఇంటర్వెల్లో ఆవిడే మళ్ళీ వచ్చి బ్యాగు వంక చూసి, "ఇంకా రాలేదాండి?" అంది. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ సినిమా ఏమిటో నాకు గుర్తులేదు. చూడకండి.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తనే అడిగి, తనే ఎగ్గొట్టి, నన్ను ఆ పిల్లతల్లి ముందు నిలబెట్టింది. బుధవారం వచ్చినప్పుడు అడుగుతుందిలే, సంజాయిషీ చెబుతుందిలే, అప్పుడు దులుపుదామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ సంజాయిషీ చెప్పలేదు. సినిమా మాటే ఎత్తలేదు. "వంజరం ఉందండి, కావాలాండి" అంది, కొత్త గుమ్మంలో నిలబడి అడిగినట్టు. నాకేం గతి లేదా అని నేనూ ఎత్తలేదు. ఆ పై వారం మేడ వైపే రాలేదు. కింద ఇంటివాళ్ళకి ఇచ్చి వెళ్ళిపోయింది. పైన కిటికీలోంచి నాకు బూడిద రాస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది. నవ్వు మాత్రం లేదు.

మూడు వారాలు అలా అయ్యాక కింద ఇంటివాళ్ళావిడే మెట్లెక్కి వచ్చింది.

"మీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పాలి కానండి, అంత ముఖం మీద కొడతారా? పాపం ఏడ్చింది."

"ఎవరు?"

"చేపలావిడండి. మీతో సినిమాకొస్తానంటే వద్దన్నారంట."

"నేనా? రమ్మన్నాను! నేను రెండు టికెట్లు కొని ఎదురుచూశాను!"

"ఏమన్నారండి మీరు, ఉన్నదున్నట్టు చెప్పండి."

"పర్లేదన్నాను."

"అదేనండి మరి!"

"పర్లేదంటే అభ్యంతరం లేదని. ఫరవా లేదు, రావచ్చని. తెలుగు ముక్క కాదూ?"

"బాగానే ఉందండి సంబడం. మీరొచ్చిన కొత్తలో వంకాయకూర తెచ్చి ఇమ్మంటారా అన్నాను. పర్లేదండి అన్నారు. పట్టుకుపోయాను. అట్లతద్దికి కిందికి రండి అన్నాను. పర్లేదండి అన్నారు. ఇంక పిలవలేదు. అప్పుడు కూడా రమ్మని, తెమ్మని చెప్పారేంటి?"

"అప్పుడు వద్దనే అన్నాను."

"ఎప్పుడు ఏదో మాకెలా తెలుస్తుందండి?"

ఆవిడ దిగి వెళ్ళాక కూచుని ఆలోచించాను. వంకాయకూర విషయంలో కూడా నేను నిజంగా వద్దనుకున్నానా అన్నది నాకే తేలలేదు.

మర్నాడు ఆఫీసుకి గంట పర్మిషన్ పెట్టి జగన్నాథపురం వంతెన దగ్గరికి ఆటోలో వెళ్ళాను. పొద్దున్నే అక్కడ తట్టలు వరసగా పెట్టుకుని పాతికమంది ఆడవాళ్ళు ఉంటారు. ఇస్త్రీ చీర, భుజాన బ్యాగుతో నేను వెళ్ళేసరికి అందరూ ఒకేసారి పిలవడం మొదలెట్టారు. మా చేపలావిడ నన్ను చూసి కూడా చూడనట్టు రొయ్యలు సర్దుతోంది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఎంతకిమ్మంటారండి?" అంది.

"రొయ్యలకి రాలేదు. నిన్ను సినిమాకి పిలవడానికి వచ్చాను."

పక్క తట్టావిడ, "ఓలమ్మో, పేరంటం పిలుపు లాగుందే! బొట్టెట్టండి అమ్మగారు" అంది. చుట్టూ నవ్వులు. మా ఆవిడ నవ్వలేదు.

"ఆ రోజు నేను పర్లేదన్నది రమ్మని" అన్నాను. "రెండు టికెట్లు కొన్నాను."

ఆవిడ చేతులు ఆగాయి. "నిజంగాండి?"

"అబద్ధం చెప్పడానికి ఆటోలో ఇంత దూరం వస్తానా?"

"ఏమోనండి. మేం తట్టెత్తుకుని గుమ్మం ముందుకెళ్ళి సేపలు కావాలాండి అంటే, ఒద్దనేవాళ్ళు ఒద్దని అనరండి. పర్లేదమ్మా అంటారు. ఆ మాట ఇనపడితే తట్టెత్తుకుని పక్కింటికి ఎళ్ళిపోడమే. ముప్పై ఏళ్ళ నించీ అదే కదండి మాకు."

"నా పర్లేదు సంగతి నీకు తెలుసు కదా! తొమ్మిది నెలలుగా చెబుతున్నాను కదా!"

"సినిమాకైతే తెలుసండి. మనుసులక్కూడా అదే మార్కులని నాకేం తెలుసు?"

ఈసారి నేనే నవ్వాను. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, రొయ్యల ఘాటు అనుకున్నారేమో అందరూ. ఆదివారం మ్యాట్నీకి రమ్మన్నాను, స్పష్టంగా, రా అనే అక్షరం వినపడేట్టు.

"ఆదివారం కుదరదండి. అందరూ సేపలు తినేదే ఆరోజు కదా, మాకు బేరమంతా అప్పుడే."

"మరి అప్పుడు అడిగింది ఆదివారమే కదా?"

"అదాండి" అని తల దించుకుంది. "ఆ ఒక్కరోజుకీ బేరం ఒదిలేద్దాం అనుకున్నానండి."

ఏడాదిగా నేను పాస్ చెయ్యలేక చస్తున్న ఆదివారం ఆవిడకి వారంలో ఉన్న ఒకే ఒక్క మంచిరోజు. నాకు ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు. చివరికి శనివారం కుదిరింది. శనివారం వెంకటేశ్వరస్వామి వారమని చాలా ఇళ్ళలో నీసు ముట్టరు, ఆవిడకి బేరం తక్కువ. నాకు రెండో శనివారం ఆఫీసు సెలవు. నెలకి ఒక్కరోజు మా ఇద్దరికీ ఖాళీ ఉంది.

ఏ సినిమా అన్నది నాకు పెద్ద బెంగ అయింది. వెళ్ళి చూసిరా అని చెప్పడం వేరు, పక్కన కూచోబెట్టుకుని చూపించడం వేరు. నచ్చకపోతే ఆ మూడు గంటలూ నాదే పూచీ. నేను ముందుగా చూసి పర్లేదనుకున్నదే, నాలుగోది, ఇంకా ఆడుతోంది. మొగుణ్ణి వదిలేసి వచ్చి, కాలవ గట్టున బడి నడుపుకునే ఒకావిడ. చివర్లో ఆయనకి జబ్బు చేసిందని తెలిసి ఆ ఊరికి తిరిగి వెళుతుంది.

శనివారం ఆవిడ తలంటుకుని, పూలు పెట్టుకుని, పౌడరు రాసుకుని, అంచు చీర కట్టుకుని హాలు ముందు నాకన్నా ముందే వచ్చి నిలబడి ఉంది. కౌంటర్లో ఆయన రెండు టికెట్లు మాట్లాడకుండా చింపాడు. సీట్లో ఆవిడ ముడుచుకుని, మోచెయ్యి నాకు తగలకుండా కూచుంది. సరిగ్గా కూచో అంటే ఇంకా ముడుచుకుంది. నవ్వే చోట ఆవిడ నవ్వు వినపడలేదు. నేను నవ్వాక, కాస్త ఆలస్యంగా, పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడకి నచ్చుతోందా లేదా అని నేను వారగా చూస్తూనే ఉన్నాను. ఇంటర్వెల్లో సోడాలు తాగాం. బాగుందా అన్నాను. బాగుందండి అంది. ఆ తొమ్మిది నెలల్లో ఆవిడ నాతో ఒప్పుకోవడం అదే మొదటిసారి. అయిపోయాక బయటికి వచ్చి, ఎదురెదురుగా నిలబడి, మాట్లాడడానికి ఏమీ లేక ఆటోలు ఎక్కాం.

ఇంటికి వచ్చి చీర మడత పెడుతుంటే, ఒంటరిగా వెళ్ళినరోజు కన్నా ఆ రోజు ఎక్కువ గుబులుగా అనిపించింది.

బుధవారం ఆవిడ మెట్ల కిందికి వచ్చింది. నేను కూడా దిగాను. చేప తోక కోస్తూ, తల ఎత్తకుండా మొదలెట్టింది.

"ఏవీ అనుకోనంటే ఒక మాటండి. మళ్ళీ కలిసి ఒద్దండి."

"ఏం, నేనేమన్నా అన్నానా?"

"అనలేదండి. మీ పక్కన కూకుంటే నేను సినిమా సూడలేదండి. మిమ్మల్నే సూశాను, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఏడవాలో అని. ఇంటికెళితే మా కోడలు కతేంటత్తా అంది. ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు."

"నేను కూడా నిన్నే చూశాను" అన్నాను. అబద్ధం కాదు.

"అదిగో! ఇద్దరం టికెట్టు కొనుక్కుని ఒకళ్ళ మొగం ఒకళ్ళం సూసుకోడానికి అంతదూరం ఎళ్ళాలాండి? ఈ మెట్ల కాడ సాలదా?" అని, చాలారోజుల తరవాత వీధి చివరికి వినపడేట్టు నవ్వింది. "నిన్న మళ్ళీ ఎళ్ళి సూశానండి, ఒక్కదాన్నీ. ఆవిడ తిరిగెళ్ళింది మొగుడి కోసమని మీరనుకుంటున్నారు కదా?"

"కాక? ఆవిడకి సిగ్గు లేదు. నేనైతే వెళ్ళను."

"మొగుడికోసం కాదండి. మీరు సరిగ్గా సూళ్ళేదు. మళ్ళీ ఎళ్ళి సూడండి, తలుపు తీసినప్పుడు ఏం చేసిందో. ఇప్పుడు నేను సెప్పను."

"చెప్పు."

"సెప్పనండి. మీకు కత సెప్పేవాళ్ళంటే గిట్టదు కదా."

ఆదివారం వెళ్ళాను. ఆవిడ పొద్దున్న కానాగంతలు ఇచ్చి, బేరం తొందరలో, "ఎళ్ళండెళ్ళండి" అనేసి పోయింది. హాలు సగం ఖాళీ. ఒక్క టికెట్టు. ఆ చివరి సీను కోసం రెండున్నర గంటలు కూచున్నాను. సినిమాలో ఆవిడ తలుపు తీసి లోపలికి వెళుతుంది. ఆయన లోపలిగదిలో మంచం మీద మూలుగుతుంటాడు. ఆవిడ ఆ గదిలోకి వెళ్ళదు. ముందు గదిలో మూసి ఉన్న కిటికీలు ఒక్కొక్కటీ తీస్తుంది, దుమ్ముకి దగ్గుతుంది, కుర్చీ లాక్కుని వీధికి ఎదురుగా కూచుంటుంది. నేను అంతకుముందు రెండుసార్లు చూసి కూడా మంచాన్నే చూశాను.

సరే, కిటికీలు తీసింది. తీస్తే ఏమిటి? ఊపిరాడక తీసి ఉండొచ్చు. దాన్ని పట్టుకుని మొగుడి కోసం కాదు, తన ఇంటి కోసం వెళ్ళిందంటే నేను ఒప్పుకోను. ఇల్లే కావాలంటే కాలవ గట్టున ఉన్నది ఇల్లు కాదా? అక్కడా కిటికీలున్నాయి, అక్కడా వీధి ఉంది. ఇదంతా హాలు మెట్లు దిగుతూ వరసగా పేర్చుకున్నాను. మా చేపలావిడ ఏమంటుందో కూడా తెలుసు, దానికి నేను ఏమనాలో కూడా తెలుసు. పక్కన నడిచేవాళ్ళు నా వంక చూస్తే పెదాలు కదులుతున్నాయని తెలిసి ఆపాను. ఎండ ఇంకా తగ్గలేదు. బుధవారానికి మూడు రోజులుంది.